రైలు సిమ్యులేటర్ ఆటలు: అభిమాన వైరానికి మూలం

రైలు సిమ్యులేటర్ ఆటల అభిమానుల వైరాన్ని సినీ అభిమానుల పోటీతో సమానంగా భావించడం తొందరపాటు. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, ఆరన్ సంస్థ రూపొందించిన ట్రైన్జ్ 2001లోనే వెలువడ్డాయి. రెండింటికీ అభిమానులు సొంతంగా మార్గాలను, ఇంజన్లను నిర్మించారు. ఒకదానికై చేసినవి మరొకదానిలో నేరుగా పనిచేయవు. అందువల్ల ప్రత్యర్థి ఆటకు మారడమంటే ఏళ్ల శ్రమను వదులుకోవడమే. వైరానికి మూలం ఇక్కడే ఉంది.

2009లో మైక్రోసాఫ్ట్ రెండవ ట్రైన్ సిమ్యులేటర్ నిర్మాణాన్ని విరమించింది. అయినా పాత మార్గాలను నడపగల ఓపెన్ రైల్స్‌ను అభిమానులే రూపొందించి ఉచితంగా అందించారు. సంస్థ తప్పుకున్నా విధేయత నిలిచిందంటే, అది తమ నిర్మాణంపై ఉన్న మమకారమేనని స్పష్టమవుతుంది.

రైలుమార్గం లేని తిరువూరుకు రేపొక అభిమాని తెరపై పట్టాలు వేయవచ్చు. ఆ మార్గం ఆయుష్షును నిర్ణయించే హక్కు ఎవరిదన్నదే విమర్శ తేల్చవలసిన ప్రశ్న.