ఉపయుక్త గ్రంథసూచిలో ఇంటిపేరు

తెలుగు పరిశోధన వ్యాసాలు పాశ్చాత్య సూచికా పద్ధతులను అనుసరించేటప్పుడు మొదటి చిక్కు రచయిత పేరు దగ్గరే ఎదురవుతుంది. ఎ.పి.ఎ., ఎం.ఎల్.ఎ. పద్ధతులు పేరు చివరనుండే ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెట్టమంటాయి. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. దానిని యాంత్రికంగా తిప్పితే ‘రాజారాం, మధురాంతకం’ అవుతుంది. వ్యాసం మధ్యలో ఇంటిపేరు మాత్రమే ఇస్తే చిక్కు పెరుగుతుంది. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రాజారాం, 2022లో అదే పురస్కారం పొందిన ఆయన కుమారుడు నరేంద్ర, మరో కుమారుడు మహేంద్ర ముగ్గురూ కథకులే. చిత్తూరు కథను గురించిన వ్యాసంలో ‘మధురాంతకం’ అని మాత్రమే రాస్తే ఎవరని గ్రహించాలి?

మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో జరిగే తులనాత్మక పరిశోధనకు ఈ సమస్య ఇంకా దగ్గరిది. తమిళ రచయిత డి. జయకాంతన్ పేరులోని పొడి అక్షరం తండ్రి పేరుకు చెందినది. కన్నడ కవి కె.వి. పుట్టప్ప పేరులో మొదటి అక్షరం ఊరిని, రెండవది తండ్రిని తెలుపుతాయి. ఈ రెండింటిలోనూ ఇంటిపేరు లేదు.

కనుక తెలుగు రచయితల పేర్లను ఇంటిపేరుతో మొదలుపెట్టి, కామా లేకుండా పూర్తిగా ఇవ్వాలి. తమిళ, కన్నడ రచయితలను వ్యక్తినామాన్ని బట్టి అకారాదిక్రమంలో చేర్చాలి. కలంపేరుతో వెలువడిన గ్రంథాన్ని ఆ పేరుతోనే చూపాలి. సూచిక పాఠకుణ్ణి ఆకరం వద్దకు చేర్చాలి. అది చేయలేని ఏకరూపత పరిశోధనకు ఉపకరించదు.