మధురవాణి గమ్యస్థానము

కన్యాశుల్కమునందలి మధురవాణి చాతుర్యమును విమర్శకులు వేనోళ్ల గొనియాడియున్నారు. నాటకాంతమున నామె యెక్కడికి బోయినదను ప్రశ్నకు మాత్ర మంతటి ప్రాధాన్యము లభింపలేదని మాకు తోచుచున్నది.

1909 నాటి కూర్పునందలి సప్తమాంకమున నిద్దరు స్త్రీల భవితవ్యము సౌజన్యారావు చేతికి వచ్చినది. వితంతూద్ధరణము పేర గిరీశము లేవదీసికొనివచ్చిన బుచ్చమ్మ పునహాలోని వితంతు శరణాలయమునకు బంపబడుచున్నది. ఇది కవి కల్పించిన ద్వారము గాదు. కార్వే పండితుడు 1896లోనే యా నగరమున నట్టి యాశ్రమమును స్థాపించెను. ఇక లుబ్ధావధానులను హత్యాభియోగమునుండి తప్పించు రహస్యమును దెచ్చిన మధురవాణికి లభించినది భగవద్గీత. వితంతువునకు గృహము, వేశ్యకు గ్రంథము. ఆ గ్రంథమును జేతబూని యామె యే యింట వసింపవలెను? ఏ వృత్తిచే జీవింపవలెను? నాటకము మౌనము వహించినది.

మధురవాణి మోసముచే నమ్ముడువోయిన యబల గాదనియు, స్వయముగా ధనార్జనము చేయనేర్చిన దనియు నాక్షేపింపవచ్చును. అది నిజమే. కాని వృత్తి పరంపరాగతమైనను, బలాత్కారముగా విధింపబడినదైనను, దానిని విడిచిన మఱునాడు స్త్రీ కెదురగు ప్రశ్న లొక్కటియే: ఇల్లెవ్వ రిత్తురు? పని యెవ్వ రిత్తురు? తనదానిగా నెవ్వరు పిలుతురు?

మఱియొక విశేషము గలదు. సౌజన్యారావు సమ్మతించిన ముద్దును మధురవాణియే వలదన్నది. చెడనివారిని జెడగొట్టరాదను తల్లి మాట నామె పాటించినది. గీత చేతికి రాకమున్నే యామెకు ధర్మవివేచన గలదన్నమాట. ఉద్ధరింపబడు వ్యక్తికి స్వబుద్ధి యున్నదను నీ యంశమును సంస్కర్త లెంతవరకు గుర్తించిరి?

చట్టముల చరిత్ర మీ ప్రశ్ననే సమర్థించుచున్నది. దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, ఆంధ్రప్రదేశమున 1988లోను వచ్చినది. స్త్రీల యక్రమ వ్యాపారమును నిరోధించు 1956 నాటి కేంద్ర చట్టము రక్షణ గృహముల నేర్పఱచినది. కాని రక్షణమే నిర్బంధమైన సందర్భములు గలవు. అట్టి గృహములలో నిష్టమునకు విరుద్ధముగా నుంచబడిన వయోజన స్త్రీల విషయమును బరిశీలించి, నియమిత కాలములో విడుదల చేయవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2022లో నాదేశింపవలసివచ్చినది.

ఈ దృష్టితో జూచినచో బుచ్చమ్మ కథయు సుఖాంతముగా దోపదు. పునహా ప్రయాణ నిర్ణయము మన కామె నోట గాక సౌజన్యారావు నోట వినవచ్చుచున్నది. ఒకతెకు దారి చూపిరి, ఇష్ట మడిగిన జాడ లేదు. వేఱొకతె స్వబుద్ధిని జూచి మెచ్చిరి, దారి చూపలేదు. పునరావాసమునకు నీ రెండును గావలెను.

ఈ లోపము గురజాడది గాదనియు, ఆనాటి సంస్కరణోద్యమపు హద్దును ఆయన యున్నదున్నట్లు చూపెననియు మా యభిప్రాయము. పరిశోధక విద్యార్థులు గిరీశము నిష్క్రమణముతో నవ్వి పుస్తకమును మూయక, మధురవాణి నిష్క్రమణముకడ నొకింత నిలువవలెనని మా మనవి.