కొండనాలుక

మైదుకూరు పసుపుకొమ్మును సానమీద అరగదీయు చప్పుడు చెవిని బడినప్పుడెల్లను, కడపలోని మా పాతయింట జ్వరముతో పడియున్న నాకు మా అవ్వ చేసిన గొంతుచికిత్స జ్ఞప్తికి వచ్చును. "కొండనాలుక జారిండాది నాయనా, నోరు తెరువు" అని, ఉప్పును మిరియపుపొడిని బొటనవ్రేలికద్ది ఆమె లోపలికి అదిమిన క్షణమున, కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడెనను సామెతకు మా వంటయిల్లే పుట్టినిల్లని నేను నమ్మితిని. ఆమెను నిందింపను. 1928లో ఫ్లెమింగు పెన్సిలిన్‌ను కనుగొనునాటికే ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. కంఠసర్పి పేరు వినిన గజగజలాడిన తరము. ఉప్పు తప్ప వేరాయుధ మామెకెక్కడిది?

గతవారము ఏడేండ్ల మా మనుమరాలు మింగలేక అన్నము త్రోసివేసినప్పుడు, నేను చేసిన చికిత్సలో ముప్పాతిక చూచుటయే. టార్చిలైటు పట్టి, చెంచాకాడతో నాలుకను మెల్లగా అణచి చూడగా గొంతు ఎఱ్ఱబారియున్నది గాని చీముమచ్చలు లేవు. దగ్గును ముక్కునీరును ఉన్నవి. దగ్గులేక, జ్వరము హఠాత్తుగా వచ్చి, టాన్సిళ్ళపై చీముపట్టి, దవడక్రింద బిళ్ళలు కట్టినచో స్ట్రెప్టోకాక్కస్ క్రిమిని శంకింపవలెను. ఉపేక్షించిన అది రెండు మూడు వారములకు కీళ్ళవాతజ్వరమై గుండె కవాటములను చెఱుపగలదు. చొల్లు మింగలేక కార్చుకొను బిడ్డను, ఊపిరి తీయునప్పుడు గురగురలాడు బిడ్డను, నోరు తెరువుమని వేధింపక తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.

వైద్యుడును చూచి, ఇది వైరస్ పని, వారములో తగ్గును, యాంటీబయాటిక్ వలదనెను. చీటిలో పారాసిటమాల్ సిరప్పొక్కటే కనబడగా, నిజము చెప్పవలెనన్న, నాకు కొంత వెలితి తోచినది. ఆసుపత్రికి పోయి ఇంత చిన్నచీటితో మరలుట మనవారికి మోసపోయినట్లే యుండును!

ఇంటికి వచ్చి, గ్లాసెడు గోరువెచ్చని నీట అరచెంచా ఉప్పు కరగించి పుక్కిలింపజేసితిమి. సంకటి గొంతు దిగదు గావున రాగి అంబలి పలుచగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి గుటకగుటకగా త్రాగించితిమి. తేనె నాకించితిమి గాని, ఏడాది నిండని దాని తమ్మునికి మాత్రము చుక్కయైన తగులనీయలేదు. అంత పసివారికది ప్రమాదము.

మూడవనాటి మధ్యాహ్నము, కడప యెండ గోడలను కాల్చుచుండగా, పిల్ల పుల్లైసు కావలెననినది. "గొంతు పట్టినప్పుడు ఐసా!" అని పసుపుపాల గ్లాసుతో నా భార్య అడ్డము నిలిచినది. చల్లదనము నొప్పిని తగ్గించునని వైద్యుడే చెప్పియుండుటచే నేను కొనితెచ్చితిని. రెండునాళ్ళుగా మెతుకు ముట్టని పిల్ల పుల్ల మిగులువఱకు చప్పరించి, "తాతా, ఇంగొకటి" అనినది. పసుపుపాలు మీగడ కట్టినవి.