అనాస, బెల్లం, ఆవ

ముందు తీపి తెలియాలి. అది నిలదొక్కుకునేలోగా పులుపు అందుకోవాలి. కారం తొందరపడకూడదు. ముద్ద గొంతు దిగి, ఇక అయిపోయిందనుకున్న చోట అది మొదలవ్వాలి. ఆ వెనకే ఆవ ఘాటు ముక్కులోకి ఒక్క క్షణం ఎక్కి దిగిపోవాలి. సింహాచలం అనాసపండుతో, అనకాపల్లి బెల్లంతో ఇంట్లో వండుకునే తీపికారం పచ్చడి సొగసంతా ఈ వరసలోనే ఉంది. నాలుగు రుచులూ కరిగి ఒకటైపోతే పచ్చడి పాడైనట్టే. దేని మొహం దానికి ఉండగానే, ఒకే చెంచాలో ఒకదాని వెనక ఒకటి నడిచి రావాలి.

ఇలాంటి పచ్చడి వండుకోవడానికి పరవాడ కంటే వీలైన ఊరు నాకు తెలియదు. బయటివాళ్లకి పరవాడ అంటే 2,000 మెగావాట్ల ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం, ఫార్మా సిటీ, కంపెనీ బస్సులు. వంట చేసేవాళ్లు ఆ ఊళ్లో నిలబడి చూస్తే దిక్కులు వేరుగా కనిపిస్తాయి. ఈశాన్యాన సింహాచలం కొండ, వాయవ్యాన అనకాపల్లి బెల్లం మార్కెట్, దక్షిణాన ముత్యాలమ్మపాలెం దగ్గర సముద్రం. విద్యుత్ కేంద్రానికి పేరిచ్చిన సింహాద్రే ఈ పచ్చడికి పండునిస్తోంది.

ఎండలు ముదిరి తొలి వానలు పడే రోజుల్లో అడవివరం రోడ్డు పక్కన అనాసపళ్లు కుప్పలు పోస్తారు. అక్కడ ఎంచుకోవలసింది ముక్కుతోనే. కోసిన తరవాత అనాస మెత్తబడుతుంది, రంగు తిరుగుతుంది గాని తీపి పెరగదు. మొక్క మీద ఎంత పండిందో అంతే. అందుకే పండు అడుగుభాగం వాసన చూడాలి. అక్కడ తేనె వాసన తగిలితే తీసుకోవచ్చు, పులిసిన కల్లు వాసన వస్తే వదిలేయాలి. నేనైతే పూర్తిగా పండిన రెండింటికి దోరగా ఉన్నది ఒకటి కలుపుతాను. పచ్చడిలో పులుపుకి వెన్నెముక ఆ దోరకాయే. వంటకి చింతపండు అక్కర్లేకుండా చేసేదీ అదే.

తొక్క చెక్కాక కళ్లు తీసే పని కూడా అందమైనదే. అనాస కళ్లు అడ్డదిడ్డంగా ఉండవు, ఏటవాలు వరసల్లో తిరుగుతాయి. ఒక వాలున లెక్కపెడితే ఎక్కువగా 8 వరసలు, ఎదురు వాలున 13. కత్తిని ఆ వాలు వెంట పోనిస్తే కళ్లు పోయి, పండు ఒంటి మీద మెలి తిరిగిన గాళ్లు మిగులుతాయి. ఆ పండుని కొయ్యకుండా ఒక్క నిమిషం చూడాలనిపిస్తుంది నాకు.

బెల్లం సంగతి కొంచెం పట్టుదలగా చెప్పాలి. అనకాపల్లి చుట్టుపక్కల చెరుకు గానుగలు చలికాలంలో తిరుగుతాయి. అనాస వచ్చేనాటికి ఆ బెల్లానికి కొన్ని నెలల వయసొస్తుంది, రంగు ముదురుతుంది, వానగాలికి చెమ్మగిల్లి వేలితో నొక్కితే దిగబడుతుంది. అరిసెలకి ఈ బెల్లం పనికిరాదు. పచ్చడికి ఇంతకంటే మంచిది లేదు. చూపుకి బాగుంటుందని హైడ్రోస్ అనే రసాయనం వేసి పసుపుపచ్చగా తెల్లబరిచిన బెల్లంలో ఉత్త తీపి తప్ప ఇంకేమీ ఉండదు. ముదురు బెల్లంలో పెనం మీద కాగిన చెరుకురసం వాసన, అడుగున సన్నటి ఉప్పదనం, కాస్త చేదు ఉంటాయి. అనాస పులుపు వాలడానికి ఆ చేదే గట్టు. ఆ గట్టు లేకపోతే వండింది మిఠాయి అయిపోతుంది.

కిలో ముక్కలకి 350 గ్రాముల బెల్లం చాలు. ముక్కల్లో సగం రోట్లో నలిపి, సగం అలాగే ఉంచి, రాచ్చిప్పలో సన్నసెగ మీద పెట్టాలి. నీళ్లు పొయ్యనక్కర్లేదు, ఉప్పు తగలగానే పండే ఊరుతుంది. పచ్చి అనాస నాలుకని కొరకడానికి కారణం అందులో ఉన్న బ్రొమెలైన్ అనే ఎంజైము. అది మాంసకృత్తులని విరగ్గొడుతుంది. వేడి తగిలితే దాని పని అయిపోతుంది. అందుకే పావుగంట ఉడికేసరికి పండులోని దురద పోయి, పులుపు మాత్రం మిగిలిపోతుంది. వాసన కూడా మారుతుంది. పువ్వులాంటి పచ్చి పరిమళం తగ్గి, కాలిన పంచదార దగ్గరికి వస్తుంది. బెల్లాన్ని కాసిన్ని నీళ్లలో కరిగించి, నలక లేకుండా వడగట్టి పొయ్యవలసింది ఇప్పుడే. ముందే పోస్తే ముక్కలు మెత్తబడకుండా బిగుసుకుంటాయి.

ఆ తరవాత పొయ్యి దగ్గర ఊరికే నిలబడటం కూడా వంటే. మొదట పెద్ద పెద్ద బుడగలు తేలిగ్గా పగులుతాయి. రసం చిక్కబడేకొద్దీ అవి చిన్నవై, బరువెక్కి, టపుక్కుమని గరిట మీదకి చిందుతాయి. రంగు పసుపు నుంచి తేనెరంగుకి, అక్కణ్ణించి రాగిరంగుకి దిగుతుంది. గరిట వెనక వేలితో గీత గీస్తే అది మూసుకోకుండా నిలిచినప్పుడు దించెయ్యాలి. రాచ్చిప్ప పొయ్యి దిగాక కూడా చాలాసేపు ఉడికిస్తూనే ఉంటుంది కనుక ఇంకో రెండు నిమిషాలు ముందే దించడం మంచిది. అనాసలో పెక్టిన్ తక్కువ, జామపండు రసంలా గడ్డకట్టదు. ఆ జారుడే ఈ పచ్చడికి ప్రాణం. అన్నం మీద వేస్తే మెతుకుల మధ్యకి తనంతట తాను దారి చూసుకోవాలి.

ఇక కారం. పన్నెండు ఎండుమిరపకాయలు దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచి, రసం కాగుతుండగానే వేస్తాను. మిరప ఘాటు వేడికి చెదరదు, తీపిలో నానుతూ నిదానంగా నాలుకని పట్టుకుంటుంది. ఆవ స్వభావం పూర్తిగా వేరు. ఆవగింజలో ఘాటు ఉండదు. నలిగి నీళ్లు తగిలినప్పుడే పుడుతుంది, గాలిలో కలిసిపోయే గుణం కలది, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే రెండు చెంచాల ఆవాలు చన్నీళ్లతో నూరి, పచ్చడి గోరువెచ్చగా చల్లారాకే కలపాలి. పనసపొట్టు కూరకి ఆవ పెట్టే ఉత్తరాంధ్ర చేతికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చివర్న నువ్వులనూనెలో ఇంగువ, నాలుగు మెంతులు, మళ్లీ ఆవాలే పోపు. నూనెలో చిటపటలాడిన ఆవగింజకి ఘాటు పోయి కమ్మదనం వస్తుంది. అదే గింజ ఒక గిన్నెలో రెండు వేషాలు కడుతుంది.

నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు భరతుడు వంటింటికే వెళ్లాడు. బెల్లం మొదలైన ద్రవ్యాలు, వ్యంజనాలు, ఓషధులు చేరి షాడవం అనే వంటకం లాంటి రసాలు ఎలా తయారవుతాయో, అలాగే నానా భావాలు చేరి, మనసులో నిలకడగా ఉండే స్థాయిభావం రసమవుతుందన్నాడు. ఆయన ఆ చోట పేరు పెట్టి చెప్పిన ద్రవ్యం బెల్లమే. శాస్త్రం పుట్టిన చోట ఒక బెల్లం వంటకం ఉడుకుతూ ఉందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. పొయ్యి దగ్గర నిలబడినవాళ్లకి ఆ మాటలో ఇంకో సంగతి కూడా తడుతుంది. శృంగారం నడుమ వచ్చే అసూయ, చింత, హర్షం వచ్చిపోతూ స్థాయిని పోషిస్తాయి, అందులో మునిగి మాయమైపోవు. ఇక్కడ తీపి స్థాయి. కారం, ఆవ వచ్చిపోయేవి. సీసాల్లో దొరికే తీపికారం సాసు నాలుకకి బాగానే ఉంటుంది గాని, పిండిపదార్థం వేసి చిక్కబరిచిన దానిలో రుచులన్నీ ఒకేసారి వచ్చి ఒకేసారి పోతాయి. వరస లేని చోట ఎదురుచూపు ఉండదు, ఎదురుచూపు లేని చోట రసానికి నిలవడానికి చోటుండదు.

అనాస, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో ఈ దేశానికి వచ్చినవే. బెల్లం, ఆవ అంతకు ముందు నుంచీ ఇక్కడ ఉన్నవి. వచ్చినవాటి దూకుడుని ఉన్నవి ఎంత మర్యాదగా సర్దుకున్నాయో ఈ గిన్నెలో చూడొచ్చు.

వండిన రోజు తినకూడదు. ఒక రాత్రి గడిస్తే మిరపగింజల చుట్టూ తీపి ఊరి, అంచులు సర్దుకుంటాయి. ఆవ పెట్టింది గనుక వారం దాటకుండా అయిపోవాలి, ఆ తరవాత ఘాటు వెళ్లిపోతుంది. దిబ్బరొట్టె కరకరలాడే అంచుతో బాగుంటుంది. చోడి అంబలి పక్కన నంజుకుంటే ఇంకా బాగుంటుంది. అన్నిటికంటే బాగుండేది ముత్యాలమ్మపాలెం నుంచి వచ్చిన వంజరం ముక్క ఉప్పు, పసుపు మాత్రమే పట్టించి వేయించి, దాని పక్కన ఒక్క చెంచా. చేప ఉప్పదనం తగలగానే అనాస పులుపు రెండింతలు మెరుస్తుంది.

కొందరు చివర్లో ఏలకుల పొడి చల్లుతారు. దయచేసి చల్లకండి. ఏలకుల వాసన ముందుగా ముక్కుకి చేరి, ఆవ రావలసిన దారిలో కూర్చుంటుంది.