కోపానికి ఒక రంగు

2018 సెప్టెంబర్ 8న న్యూయార్క్‌లో యుఎస్ ఓపెన్ మహిళల ఫైనల్. నవోమి ఒసాకా 6-2, 6-4తో సెరెనా విలియమ్స్‌ని ఓడించింది. సెరెనాకి కోచ్ సైగ చేశాడని అంపైర్ కార్లోస్ రామోస్ మొదట హెచ్చరించాడు. రాకెట్ విరగ్గొట్టినందుకు ఒక పాయింటు, తనని దొంగ అన్నందుకు ఏకంగా ఒక గేమ్ ఆమె నుంచి తీసేశాడు. ఆ తీర్పుల మంచిచెడ్డలు ఆట తెలిసినవాళ్ళు తేలుస్తారు. నేను మాట్లాడాలనుకుంటున్నది రెండు రోజుల తర్వాత మెల్‌బోర్న్ పత్రిక హెరాల్డ్ సన్‌లో మార్క్ నైట్ వేసిన కార్టూన్ గురించి.

అందులో సెరెనా గాల్లోకి ఎగిరి రాకెట్‌ని తొక్కుతుంటుంది. కొండంత శరీరం, ఉబ్బిన పెదాలు. కింద పసిపిల్లలు చీకే పీక పడి ఉంటుంది. వెనక అంపైర్ అవతలి అమ్మాయితో, ఆమెని గెలవనివ్వకూడదా అంటుంటాడు. ఈ బొమ్మ గంటల్లో ఖండాలు దాటి ఫోన్లలోకి చేరింది. జనం రెండుగా చీలారు. తను గీసింది ప్రవర్తననే గాని జాతిని కాదన్నాడు కార్టూనిస్టు. 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ కూడా తప్పేమీ లేదని తేల్చింది.

అతిశయోక్తి కార్టూన్ లక్షణమే. కానీ దేన్ని పెద్దది చేశారన్నదే నా ప్రశ్న. ఆ పెదాలు, ఆ మృగంలాంటి భంగిమ ఒక చిత్రకారుడికి ఆ పూట తోచినవి కావు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో తెల్ల నటులు ముఖాలకి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నాటి నుంచీ వస్తున్న సరుకు అది.

ఇక అవతలి అమ్మాయిని చూడండి. ఒసాకా తల్లి జపనీయురాలు, తండ్రి హైతీ నుంచి వచ్చిన నల్లజాతివాడు. జుట్టు చివర్లకి ఆమె లేతరంగు వేసుకున్న మాట నిజమే. కానీ బొమ్మలో ఆమె ఒళ్ళే తెల్లబడింది. నిజానికి సెరెనా కన్నా పొడగరి అయిన ఒసాకా అక్కడ సన్నగా, అణకువగా నిలబడి ఉంది. ఒకామె కోపాన్ని మృగం చెయ్యడానికి ఇంకొకామె నలుపుని చెరిపెయ్యాల్సి వచ్చిందన్నమాట.

మగ ఆటగాళ్ళు ఇంతకన్నా ఘోరంగా మాట్లాడినా చెల్లుతుందని సెరెనా ఆ రోజే అంది. చాలామంది స్త్రీవాదులు ఆ మాట దగ్గరే ఆగిపోయారు. అది సగమే. కోపం వచ్చిన ఆడదాన్ని మన సినిమా కూడా వదల్లేదు, గయ్యాళి అంది. సూర్యకాంతం అంత గొప్ప నటి అయినా ఆ పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడానికి జనం జంకారు. అయితే గయ్యాళి ఎంత ఎగతాళి పాలైనా ఎవరికో అత్త, ఎవరికో సవతి తల్లి. కథ ముగిసేలోగా మారే మనిషి. ఆ బొమ్మలో సెరెనాకి ఆ మనిషితనం కూడా దక్కలేదు. స్త్రీ అంటే ఏ స్త్రీ అని దళిత స్త్రీలు మనల్ని ఎప్పుడో అడిగారు. ఈ కార్టూన్ ముందు కూడా అడగాల్సిన ప్రశ్న అదే.

కవయిత్రి క్లాడియా రాంకిన్ 2014లో వెలువడిన 'సిటిజన్'లో సెరెనా కోపం గురించే సుదీర్ఘంగా రాసింది. 2004 యుఎస్ ఓపెన్‌లో ఆమెకి వ్యతిరేకంగా వచ్చిన తప్పుడు తీర్పులు అందులో ఉన్నాయి. ఆ కోపాన్ని ఒక్క రోజుది కాక, ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకున్నదానిగా చదువుతుంది రాంకిన్. 2001లో ఇండియన్ వెల్స్‌లో ప్రేక్షకులు గేలి చేస్తే సెరెనా మళ్ళీ 2015 దాకా అక్కడ ఆడలేదు. కార్టూన్‌లో ఈ చరిత్రకి చోటు లేదు. అందులో ఉన్నది ఒక్క క్షణం, ఒక్క గెంతు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోలేను. వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు తన కూతుర్ని కోతి అని వెక్కిరించేవాళ్ళని ఆమె తల్లి పత్రికలకి చెప్పింది. పతకం వాళ్ళ నోళ్ళు మూయించిందని మనం సంబరపడ్డాం. నాకు ఆ సంబరం మీద నమ్మకం కుదరడం లేదు. మార్క్ నైట్ ఆ బొమ్మ గీసేనాటికి సెరెనా 23 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచి ఉంది.