ఓటుకీ ఓటుకీ మధ్య ఎవరికి జవాబు?

గెలిచిన నాయకుణ్ణి అయిదేళ్ళూ ఎలా నిలదీయాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా మన మేధావులు 'పౌరుడు' దగ్గర మొదలుపెడతారు. ఆ పౌరుడికి కులం ఉండదు, వాడ ఉండదు, రేపటి కూలి పోతుందన్న భయం ఉండదు. అర్జీ పెట్టండి, గ్రామసభలో అడగండి, పనికిరానివాణ్ణి వెనక్కి పిలిచే హక్కు సాధించండి అంటారు. వాడలోంచి చూస్తే ఈ సలహాలు ఎంతవరకు నిలబడతాయి?

వెనక్కి పిలిచే హక్కునే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాల్లో 29, తెలంగాణలో 119లో 19 ఎస్సీలకు రిజర్వు అయ్యాయి. అక్కడ కూడా గెలుపోటములు తేల్చేది దళితేతర ఓటర్లే. రీకాల్ వస్తే ముందు దిగిపోయేదెవరు? దళితుల భూమి గురించి గట్టిగా మాట్లాడినవాడే. నోరు మెదపనివాడి జోలికి ఎవరూ పోరు. 1932 పూనా ఒడంబడిక ప్రాంతీయ శాసనసభల్లో మన సీట్లను 71 నుంచి 148కి పెంచింది, ప్రత్యేక నియోజకవర్గాలను తీసేసింది. సీటు మనది, గెలిపించే ఓటు వాళ్ళది. 1945లో అచ్చయిన పుస్తకంలో అంబేడ్కర్ ఎత్తిచూపింది ఈ మోసాన్నే.

దీనికి 1985 ఫిరాయింపుల చట్టం తోడైంది. పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. వాడను కాదని ఓటేస్తే ఏమీ పోదు. ఇక ఎమ్మెల్యే ఎవరికి భయపడతాడు?

2006లో మన దగ్గర మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కూలీల బిడ్డలే మస్టర్లు చదివి ఊరందరి ముందు వినిపించారు. దాన్ని మేము తక్కువ చేయం. అయితే ఆ ప్రశ్న ఫీల్డ్ అసిస్టెంట్ దాకా, మండల ఆఫీసు దాకా వెళ్ళింది గాని శాసనసభ్యుడి గడప తొక్కలేదు.

మరి దారేది? 2013 సబ్‌ప్లాన్ చట్టం ఎన్నికల వాగ్దానంగా ఊడిపడలేదు, ఎన్నికల మధ్యకాలంలో దళిత సంఘాలు రోడ్డెక్కితే వచ్చింది. జనాభా వాటా ప్రకారం నిధులు కేటాయించాలని అది చెప్పింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. అయినా అందరూ నడిచే రోడ్డు ఖర్చులో కొంత దళితుల పద్దులో రాసే అలవాటు పోలేదు. ఈ లెక్కలు చూపించమని రిజర్వుడు ఎమ్మెల్యేని ఏటా బడ్జెట్ సమావేశాలకు ముందే అడగాలి. మన నియోజకవర్గంలో ఎంత, ఏ వాడలో, ఏ పనికి? ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అధికారుల దగ్గర తీయించి వాడ నడిబొడ్డున చదవాలి.

ఒంటరిగా అడిగినవాడికి కూలి పోతుంది. అందుకే అడిగేది మనిషి కాదు, సంఘం కావాలి. ఓటు ఒక్కరోజు పని, లెక్క అడగడం అయిదేళ్ళ పని అని మేము అంటున్నాం.