గోపురం కట్టిన మానిక

మా నాయనమ్మ పొరుగింటికి జొన్నలు బదులిచ్చేటప్పుడు మానికను చేత్తో చదును చేసేది కాదు. పైన గోపురం కట్టి, గింజలు జారి చాటలో పడేదాకా పోసేది. తీసుకున్నవాళ్లు కొత్త పంట రాగానే అట్లాగే గోపురంగా పోసి తీర్చేవాళ్లు. ఇచ్చినావిడ తల ఎగరేసిందీ లేదు, పుచ్చుకున్నావిడ తల దించిందీ లేదు. సాయం చెయ్యడానికీ పనితనం కావాలని నాకు అక్కడే తెలిసింది.

ఆ పనితనం ఊరూరా పండిన చోటు జహీరాబాద్. పస్తాపూర్ కేంద్రంగా 1983లో పి.వి. సతీష్, మిత్రులు మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల సంఘాలు కట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది చారెడు నేల ఉన్న దళిత మహిళలు. రేషన్ బియ్యం వచ్చాక జొన్న చేలు చాలా పడావు పడ్డాయి. 1990లలో సంఘాలు ఆ పడావు భూములకే పెట్టుబడి అప్పిచ్చాయి. దాన్ని కొన్నేళ్లపాటు జొన్నలతోనే తీర్చాలి. అలా చేరిన జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, తిండికి కటకటలాడే నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు.

మరి పేదలెవరో తేల్చేదెవరు? నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది. జనమంతా కూడి నేల మీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఎవరికెంత లేమో అందరి ముందే తేల్చారు. పొయ్యి వెలగని ఇల్లు ఏదో పక్కింటికి తెలిసినట్టు పట్నంలోని ఆఫీసుకు ఎట్లా తెలుస్తుంది?

విత్తనాలదీ అదే దారి. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన పచ్చజొన్న, కొర్ర, సామ, కంది అడిగినవాళ్ల చేతికి వెళతాయి. పంట చేతికొచ్చాక గింజలుగానే తిరిగొస్తాయి. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023 మార్చిలో సతీష్ గారు కన్నుమూశారు.

ఫౌండేషన్ పెట్టి పేద కుటుంబాలను ఆదుకోవాలనుకునే పెద్దలకు నాదొక విన్నపం. దరఖాస్తులు అచ్చేయించే ముందు ఆ ఊరివాళ్లతో పటం గీయించండి. తీర్చే దారి వాళ్లకు అందేలా పెట్టండి. ఈ ఏడు పుచ్చుకున్న చెయ్యి వచ్చే ఏడు ఇంకొకరికి పెట్టగలగాలి. పోసేటప్పుడు మాత్రం మానికను చదును చెయ్యకండి.